హన్నా మారోన్: బెర్లిన్ బాలనటి, టెల్ అవీవ్ మహానటి

హన్నా మారోన్ (1923 నవంబరు 22 – 2014 మే 30) ఇజ్రాయెల్‌కు చెందిన రంగస్థల, సినిమా, టెలివిజన్ నటి, హాస్యనటి. బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, నాలుగేళ్లకే ముఖానికి రంగు వేసుకున్నారు. ఎనభై ఏళ్లకు పైగా నటననే నమ్ముకుని బతికారు. ప్రపంచంలో అత్యంత సుదీర్ఘ నటజీవితం గడిపిన వ్యక్తిగా 2011లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 1973లో దేశ అత్యున్నత పురస్కారమైన ఇజ్రాయెల్ ప్రైజ్ అందుకున్నారు. 1970లో మ్యూనిక్ విమానాశ్రయంలో జరిగిన దాడిలో ఎడమ కాలు పోగొట్టుకుని, సుమారు ఏడాదికే మళ్లీ నటనకు తిరిగొచ్చారు.

విదేశీ పత్రికలు ఆమెను గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ రికార్డు గురించీ, ఆ గాయం గురించీ రాస్తాయి. రెండూ నిజమే, రెండూ గొప్పవే. అయితే ఇజ్రాయెల్ నాటకరంగానికి ఆమె చేసిన అసలు మేలు మరొకటుంది. శతాబ్దాల పాటు గ్రంథాల్లోనూ ప్రార్థనల్లోనూ మాత్రమే మిగిలి, అప్పుడప్పుడే ఇళ్లలో మాట్లాడుకునే భాషగా మారుతున్న హీబ్రూకు రంగస్థలం మీద మామూలు మనిషి మాట తీరు అబ్బేలా చేసిన తరంలో ఆమెది ముందువరుస. ఆ హీబ్రూ ఆమెకు ఉగ్గుపాలతో వచ్చినది కాదు. దాదాపు పదేళ్ల వయసులో కొత్తగా నేర్చుకున్నది.

బెర్లిన్ రోజులు

ఆమె పుట్టింటి పేరు హన్నా మాయర్జాక్. తండ్రి ఎలక్ట్రీషియన్. కూతుర్ని నటిని చేయాలన్న పట్టుదల తల్లిది. జర్మన్ ముద్దుపేరు ‘హన్నెలె’తో ఆ పాప నాలుగేళ్లకే పిల్లల నాటకంలో వేషం వేసింది. బొటనవేలంత పిల్లవాడి జానపద కథ అది. ఆ తర్వాత పిల్లల నాటకాలు, రేడియో నాటికలు వరసగా వచ్చాయి. 1920ల చివర, 1930ల మొదట్లో బెర్లిన్ యూరప్ నాటకరంగానికీ సినిమాకూ పెద్ద కేంద్రం. రేడియో అప్పుడే ఇళ్లలోకి వస్తోంది, సినిమాకు మాట వచ్చింది. స్పష్టంగా పలికే పిల్లల గొంతులకు గిరాకీ పెరిగింది. హన్నెలె ఆ అవకాశాల నడుమ పెరిగింది.

1931లో ఫ్రిట్జ్ లాంగ్ తన తొలి మాటల సినిమా ‘ఎం’ తీశారు. పసిపిల్లలను చంపే హంతకుడి కోసం ఒక నగరమంతా గాలించే కథ. పీటర్ లోర్ హంతకుడి పాత్ర పోషించారు. సినిమా ఒక ఇళ్ల సముదాయపు పెరట్లో మొదలవుతుంది. పిల్లలు గుండ్రంగా నిలబడి, హంతకుడి మీద కట్టిన ఒక పంటల పాట పాడుకుంటూ ఒక్కొక్కరిని ఆట నుంచి తప్పిస్తుంటారు. ఆ పిల్లల్లో హన్నెలె ఉంది. తెర మీద ఆమె పేరు పడలేదు. ప్రపంచ సినిమా చరిత్రలో ఎక్కువగా చర్చకు వచ్చిన ఆరంభ దృశ్యాల్లో అదొకటి. అందులో నటించిన ఒక పాప తర్వాత వేరే దేశంలో, వేరే భాషలో మహానటి అయిందని ఆ సినిమా చూసేవారిలో చాలామందికి తెలియదు.

మాక్స్ రైన్‌హార్ట్ నిర్వహించిన డాయిషెస్ థియేటర్‌లో ఎరిక్ కేస్ట్నర్ పిల్లల నవల ‘పుంక్ట్‌ఖెన్ ఉంట్ ఆంటోన్’ను నాటకంగా వేసినప్పుడు పుంక్ట్‌ఖెన్ పాత్ర ఆమెకే దక్కింది. ధనవంతుల ఇంట్లో పుట్టి, చలాకీగా, కొంటెగా, ఒక పేద పిల్లవాడితో స్నేహం చేసే అమ్మాయి పాత్ర అది. నగరంలోని పెద్ద వేదికల్లో ఒకటైన ఆ చోట నాయిక పాత్ర ధరించేనాటికి ఆమెకు పదేళ్లు కూడా లేవు.

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాదే రైన్‌హార్ట్ జర్మనీ విడిచిపెట్టారు. లాంగ్ వెళ్లిపోయారు, లోర్ వెళ్లిపోయారు. కేస్ట్నర్ దేశంలోనే ఉండిపోయారు గానీ మే నెలలో బెర్లిన్ వీధుల్లో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవీ ఉన్నాయి. హన్నెలెకు పాత్రలిచ్చిన కళాలోకం ఒక్క సంవత్సరంలో చెల్లాచెదురైంది. మాయర్జాక్ కుటుంబం అదే ఏడాది బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనాకు చేరుకుంది.

కొత్త భాష, కొత్త వేదిక

బెర్లిన్‌లో రేడియో పెడితే వినిపించే గొంతు టెల్ అవీవ్‌లో మూగబోయింది. పిల్లలు ఆడుకునే భాష హీబ్రూ, బడి భాష హీబ్రూ. బాలనటులకు పెద్దయ్యాక వేషాలు దొరకకపోవడం ఏ దేశంలోనైనా మామూలే. ఆమెకు ఆ కష్టం పదేళ్లకే, అదీ భాష మారడం వల్ల వచ్చింది. కొత్త భాషను చెవితో పట్టుకుని మొదటి నుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆమె నటనలో ఉచ్చారణ మీద ఉన్న ఆ అసాధారణమైన అదుపుకు మూలం ఈ సంవత్సరాల్లోనే ఉందని నా నమ్మకం. పుట్టుకతో వచ్చిన భాషను మనం వినకుండానే మాట్లాడేస్తాం. నేర్చుకున్న భాషను ప్రతి క్షణం వింటూ మాట్లాడతాం.

ఆ రోజుల్లో హీబ్రూ నాటకమంటే హబీమా. రష్యా విప్లవకాలంలో మాస్కోలో మొదలై, ఆ తర్వాత టెల్ అవీవ్‌లో స్థిరపడిన బృందం అది. వఖ్తాంగోవ్ దర్శకత్వంలో 1922లో వేసిన ‘దిబ్బుక్’ ఆ బృందానికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. హబీమా నటుల శైలి గంభీరం, మాటలో రష్యన్ యాస, అభినయంలో ఉద్వేగం పాలు ఎక్కువ. హన్నా ఆ బృందం నడిపిన శిక్షణాలయంలో నటన నేర్చుకున్నారు. కానీ ఆమె దారి అటువైపు సాగలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో పాలస్తీనాలోని యూదు యువతులు చాలామంది బ్రిటిష్ సైన్యపు మహిళా విభాగంలో చేరారు. హన్నా కూడా స్వచ్ఛందంగా చేరి రెండేళ్లు పనిచేశారు. ఆపైన యూదు బ్రిగేడ్ వినోద బృందంలో సైనికుల ముందు ప్రదర్శనలిచ్చారు. అలసి, ఇంటి మీద బెంగ పెట్టుకుని, మనసుకు పట్టకపోతే మొహమాటం లేకుండా లేచిపోయే ప్రేక్షకులు వాళ్లు. హాస్యం నేర్చుకునేవారికి అంతకంటే గట్టి పరీక్ష దొరకదు. అక్కడే నటుడు యొస్సీ యాదిన్‌తో పరిచయమైంది. తర్వాత వాళ్లు పెళ్లి చేసుకున్నారు. 1948 యుద్ధంలో సైనిక కార్యకలాపాలు నడిపించి, ఆపై పురావస్తు శాస్త్రవేత్తగా పేరు పొందిన యిగాయెల్ యాదిన్ ఈ యొస్సీకి అన్న. ఆ వివాహం నిలవలేదు.

1944లో యోసెఫ్ మిల్లో అనే యువ దర్శకుడు టెల్ అవీవ్‌లో కామెరి థియేటర్ ప్రారంభించారు. హబీమా గాంభీర్యానికి ఎదురు నిలిచిన చిన్న బృందం అది. వేదిక మీద మనుషులు వీధిలో మాట్లాడినట్టు మాట్లాడాలన్నది వాళ్ల పట్టుదల. గోల్డోనీ హాస్యనాటకం ‘ఇద్దరు యజమానుల సేవకుడు’ వాళ్లకు తొలి పెద్ద విజయం తెచ్చింది. యుద్ధం ముగిసే రోజుల్లో హన్నా మారోన్ కామెరిలో చేరారు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఆ సంస్థ పేరూ ఆమె పేరూ కలిసే వినిపించాయి.

మీకా

1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పాటైంది. సరిగ్గా పదిహేడు రోజులకు, మే 31న, కామెరి ‘హూ హలఖ్ బసదోత్’ (పొలాల్లో నడిచిపోయాడు) నాటకం ప్రదర్శించింది. కొత్త దేశంలో తెర లేచిన తొలి సొంత హీబ్రూ నాటకం అదే. యుద్ధం జరుగుతోంది. ఆ వారాల్లో ఈజిప్టు విమానాలు టెల్ అవీవ్ మీద బాంబులు వేస్తున్నాయి. ఆ ప్రేక్షకుల్లో కొడుకుల్ని, అన్నదమ్ముల్ని యుద్ధానికి పంపినవారున్నారు. పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

మోషే షమీర్ 1947లో రాసిన నవల ఆ నాటకానికి ఆధారం. కథానాయకుడి పేరు ఊరి. ఒక కిబ్బుట్జ్‌లో, అంటే ఉమ్మడి వ్యవసాయ గ్రామంలో, పుట్టి పెరిగిన యువకుడు. వ్యవసాయ పాఠశాల చదువు ముగించి ఇంటికొస్తాడు. యూరప్‌లోని మారణకాండ నుంచి బయటపడి శరణార్థిగా వచ్చిన మీకాను ప్రేమిస్తాడు. రహస్య సైనిక దళంలో చేరి చనిపోతాడు. అప్పటికి మీకా గర్భవతి. ఆ మీకాగా హన్నా మారోన్ నటించారు. దర్శకుడు మిల్లో.

విమర్శకులు ఈ నాటకం గురించి రాసేటప్పుడు ఎక్కువగా ఊరి గురించే రాశారు. కొత్త దేశం తన వీరపుత్రుణ్ని అతనిలో చూసుకుంది. కానీ కథలో నేల మీద నిలిచిన మనిషి మీకా. ఊరి చనిపోయి కథ అయిపోతాడు. మీకా బిడ్డతో మిగిలిపోతుంది. బెర్లిన్ నుంచి తప్పించుకొచ్చిన హన్నాకు ఆ పాత్ర దక్కడంలో ఎంతో ఔచిత్యం ఉంది. కొత్త భాషలో, కొత్త ఊళ్లో పరాయిదానిలా మొదలుపెట్టడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ఒక్క పాత్రతో ఆమె దేశమంతటికీ తెలిశారు.

1967లో మిల్లోయే ఈ కథను సినిమాగా తీసినప్పుడు ఊరి పాత్ర అస్సి దయాన్ వేశారు. ఆయన పేరు ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది.

నవ్వూ కన్నీరూ

కామెరిలో ఆమె వేసిన వేషాల జాబితా చాలా పెద్దది. షా ‘పిగ్మేలియన్’లో పూలమ్మే పిల్ల ఎలైజా డూలిటిల్, ఇబ్సన్ హెడ్డా గాబ్లర్, షిల్లర్ ‘మేరీ స్టువార్ట్’, సంగీత నాటకం ‘హలో డాలీ’లో డాలీ, యూరిపిడిస్ మెడియా. హెడ్డా ఇంటి నాలుగు గోడల మధ్య ఊపిరాడక తనను తాను కాల్చుకునే స్త్రీ. డాలీ పది కుటుంబాల పెళ్లిళ్లు కుదురుస్తూ తనకూ ఒక పెళ్లి కుదుర్చుకునే గడుసు వితంతువు. ఈ రెండూ ఒకే నటి వేసిందంటే చాలా దేశాల్లో ఆశ్చర్యపోతారు. నాటకరంగంలో విషాదానికొకరు, హాస్యానికొకరు అని విభజన ఉన్న చోట్ల ఆమెలాంటివారు అరుదు.

ఎలైజా పాత్ర దగ్గర కాసేపు ఆగాలి. ఆ నాటకంలో హాస్యమంతా మాట తీరులోనే ఉంటుంది. ఏ యాసలో మాట్లాడితే ఏ తరగతి మనిషో చెప్పేయగల సమాజంలో ఆ కథ నడుస్తుంది. యాభైల ఇజ్రాయెల్‌లో సభలో కూర్చున్నవాళ్లలో చాలామంది హీబ్రూను పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లే. పోలిష్, రుమేనియన్, జర్మన్, అరబిక్ యాసలతో మాట్లాడేవాళ్లే. ‘సరిగ్గా మాట్లాడటం’ నేర్చుకుంటూ అవమానపడి, కోపగించి, చివరకు గెలిచే అమ్మాయి కథ ఆ ప్రేక్షకులకు సొంత కథే. దాన్ని ఆడింది కూడా అదే దారిలో నడిచొచ్చిన మనిషి. పాత్రకూ ప్రేక్షకుడికీ మధ్య ఇంత దగ్గరి బంధుత్వం ఎప్పుడోగానీ కుదరదు.

మ్యూనిక్, 1970

1970 ఫిబ్రవరి 10న ఆమె టెల్ అవీవ్ నుంచి లండన్‌కు బయలుదేరారు. ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’లో పాత్ర కోసం నటన పరీక్షకు వెళ్తున్నారు. ఎల్ అల్ విమానం మ్యూనిక్‌లో ఆగింది. అక్కడి రీమ్ విమానాశ్రయంలో ముగ్గురు సాయుధులు ఆ విమానం ప్రయాణికుల మీద తుపాకులతో, గ్రెనేడ్లతో దాడి చేశారు. ఒక ప్రయాణికుడు చనిపోయారు. పదకొండు మంది గాయపడ్డారు. హన్నా మారోన్ కాలు తీవ్రంగా దెబ్బతింది. వైద్యులు ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. అదే విమానంలో ప్రయాణిస్తున్న అస్సి దయాన్ క్షేమంగా బయటపడ్డారు.

మరో మూడు రోజులకు అదే మ్యూనిక్‌లో యూదుల వృద్ధాశ్రమానికి ఎవరో నిప్పు పెట్టడంతో ఏడుగురు చనిపోయారు. ఆ నెలలోనే ఇజ్రాయెల్‌కు బయలుదేరిన స్విస్ ఎయిర్ విమానం ఒకటి బాంబు పేలి కూలిపోగా 47 మంది మరణించారు. మ్యూనిక్ అనగానే లోకానికి 1972 ఒలింపిక్స్ హత్యాకాండ గుర్తొస్తుంది. రెండున్నరేళ్ల ముందే ఆ నగరంలో జరిగిన ఈ ఘటనలు మరుగున పడిపోయాయి.

అప్పటికామెకు నలభై ఆరేళ్లు. ముగ్గురు పిల్లల తల్లి. పైగా చిన్నతనంలో ప్రాణభయంతో విడిచిపెట్టి వచ్చిన జర్మనీ నేల మీదే ఈ దెబ్బ తగిలింది. నటికి శరీరమే పనిముట్టు. నడక, నిలబడే తీరు, వెనక్కి తిరిగే వేగం అన్నీ అందులో భాగమే. ఇక వేదిక మానేస్తారని ఎవరైనా అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. కృత్రిమ కాలుతో నడవడం నేర్చుకుని, సుమారు ఏడాదికి ఆమె తిరిగొచ్చారు. అందుకు ఎంచుకున్న పాత్ర మెడియా.

నా దృష్టిలో ఆమె జీవితంలోకెల్లా పెద్ద నిర్ణయం ఇదే. కూర్చుని మాట్లాడే పాత్రతో, ప్రేక్షకుల సానుభూతి ముందే చేతికందే పాత్రతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మెడియా అలాంటిది కాదు. పరాయి దేశం నుంచి వచ్చి, భర్త చేతిలో మోసపోయి, పగతో కన్నబిడ్డలనే చంపుకునే స్త్రీ. ఆమె మీద ఎవరికీ జాలి కలగదు, భయం కలుగుతుంది. వేదికంతా తనదిగా చేసుకుని నిలబడాలి. ఆ పాత్ర ఎంచుకోవడంతోనే, తనను గాయపడ్డ మనిషిగా చూసి చప్పట్లు కొట్టే అవకాశాన్ని ఆమె ప్రేక్షకులకు ఇవ్వలేదు. నటిగా చూడమన్నారు. 1973లో ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది.

తెర మీద

సినిమాల్లో ఆమె తక్కువగా నటించారు. అవ్రాహమ్ హెఫ్నర్ దర్శకత్వంలో 1977లో వచ్చిన ‘దోదా క్లారా’ (క్లారా అత్తయ్య)లో ప్రధాన పాత్ర ఆమెదే. అయితే ఇంటింటికీ ఆమెను చేర్చింది టెలివిజన్. 1983లో విద్యా టెలివిజన్ ‘క్రోవీమ్ క్రోవీమ్’ అనే ధారావాహిక ప్రారంభించింది. ఇజ్రాయెల్‌లో తొలి సిట్‌కామ్‌గా దాన్ని లెక్కిస్తారు. బంధువులైన మూడు కుటుంబాలు టెల్ అవీవ్‌లో ఒకే భవనంలో కాపురముంటే జరిగే తగవులు, అలకలు, రాజీలు ఆ కథ. టికీ దయాన్, గాయకుడు యెహోరామ్ గావోన్ వంటివారు తోటి నటులు. 1986 వరకు నడిచింది.

అప్పట్లో ఆ దేశంలో ఉన్నది ఒకే టీవీ చానెల్. రెండోది 1993లో గానీ రాలేదు. కాబట్టి ‘క్రోవీమ్ క్రోవీమ్’ను చూడని ఇల్లు లేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఇబ్సన్, షా నాటకాలకు టికెట్ కొనే స్తోమత, తీరిక లేని కుటుంబాలు, మీకాను చూడని కొత్త తరం పిల్లలు ఆమెను తమ ఇంటి మనిషిలా ఎరిగింది అరవయ్యో పడిలో ఆమె పండించిన ఈ నవ్వుల వల్లే. పెద్ద నటులు టీవీ కామెడీకి దిగితే స్థాయి తగ్గిందని పెదవి విరిచేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. బంధువుల మధ్య చిన్న చిన్న అబద్ధాల్ని, బెదిరింపుల్ని నమ్మేలా పలకడానికి మెడియాకు కావలసినంత సాధనే కావాలి.

శాంతి పక్షం, కుటుంబం, చివరి రోజులు

ఆమె రెండో భర్త యాకోవ్ రెఖ్టర్ ఇజ్రాయెల్ ప్రముఖ వాస్తుశిల్పుల్లో ఒకరు. ఇజ్రాయెల్ ప్రైజ్ ఆయనకూ వచ్చింది. టెల్ అవీవ్‌లోని హిల్టన్ హోటల్, జిక్రోన్ యాకోవ్ కొండ మీది మివ్తహీమ్ విశ్రాంతి భవనం, 1990లలో తెరుచుకుని ఒపేరాకు నెలవైన టెల్ అవీవ్ ప్రదర్శన కళల భవనం ఆయన రూపకల్పనలే. 2001లో ఆయన కన్నుమూశారు. వారి ముగ్గురు పిల్లల్లో అమ్నోన్ తండ్రి వృత్తిని, డాఫ్నా తల్లి వృత్తిని చేపట్టారు. డాఫ్నా రెఖ్టర్ నటిగా, గాయనిగా ప్రసిద్ధురాలు. మరో కుమార్తె ఓఫ్రా తత్వశాస్త్ర అధ్యాపకురాలయ్యారు.

మ్యూనిక్ గాయం తర్వాత హన్నా మారోన్ రాజకీయంగా ఎటు మొగ్గారన్నది గమనించాల్సిన సంగతి. పాలస్తీనీయులతో ఒప్పందం కుదరాలని, రెండు జాతులూ పక్కపక్కన బతకాలని కోరే శాంతి ఉద్యమంతో ఆమె నిలిచారు. దాడిలో కాలు పోగొట్టుకున్న వ్యక్తి ఆ మాట చెబితే వినేవాళ్లు వేరుగా వింటారు, ఎదిరించేవాళ్లు ఇంకా కోపంగా ఎదిరిస్తారు. ఆమె రెండింటికీ సిద్ధపడే మాట్లాడారు.

అమోస్ గితాయ్ 1998లో తీసిన ‘యోమ్ యోమ్’లో ఆమె పాత్రకు ఈ నేపథ్యం కొత్త బరువు తెచ్చింది. హైఫా నగరంలో యూదు తల్లికీ అరబ్బు తండ్రికీ పుట్టి, రెండు వైపులకూ చెందలేక, ఏ వైపునూ వదులుకోలేక బతుకీడ్చే నడివయసు మనిషి కథ అది. ఆ కొడుకుగా మోషే ఇవ్గీ, తండ్రిగా యూసుఫ్ అబూ వర్దా, తల్లిగా హన్నా మారోన్ నటించారు. ఆ ఇంట్లో రెండు జాతుల తగాదా ఉపన్యాసాలుగా వినిపించదు. ఒక ముసలి జంట దినచర్యలో, కొడుకు మీద బెంగలో కనిపిస్తుంది.

2014 మే 30న, తొంభై ఏళ్ల వయసులో, ఆమె టెల్ అవీవ్‌లో కన్నుమూశారు. మీకా, ఎలైజా, మెడియా పాత్రలు వాటిని చూసినవారి జ్ఞాపకాల్లోనే ఎక్కువగా బతుకుతాయి. రంగస్థల నటులందరికీ తప్పనిదే అది. ఆమె నటనను నేరుగా చూడాలనుకునే పాఠకులు ‘యోమ్ యోమ్’తో మొదలుపెట్టాలి.